ఏబీఎస్ లైటు వెలిగితే బండి నడపొచ్చా, ఆపేయాలా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఉంటాను. 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి రోజూ కారులో వెళ్లొస్తాను. చిన్న పెట్రోలు కారు, ఏడేళ్లది. పది రోజుల కింద పెద్ద వాన పడింది. మర్నాడు మీటర్ బోర్డులో పసుపు రంగులో ఏబీఎస్ అని లైటు వెలిగింది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆరిపోయింది. మా వీధి మలుపు దాటగానే మళ్లీ వచ్చింది. ఇప్పుడు రోజూ ఇదే వరస. బాగా ఎండ కాసిన రోజు మాత్రం ఒక్కోసారి అసలు రాదు. మాకు తెలిసిన మెకానిక్ ఒక రౌండు నడిపి చూసి, ‘బ్రేకులు బానే ఉన్నాయి మేడం, లైటు పట్టించుకోకండి’ అన్నాడు. ఇంకో షెడ్డులో చూపిస్తే ఏబీఎస్ యూనిట్ మొత్తం పోయింది, 40 వేలు అవుతుంది అన్నారు. మావారేమో ఫ్యూజు పీకేస్తే గొడవ వదులుతుంది అంటున్నారు. రెండు నెలల కింద ముందు ఎడమ చక్రం బేరింగ్ మార్పించాను, అంతకుమించి ఈమధ్య ఏ రిపేరూ చేయించలేదు. వచ్చే నెల మా అమ్మనీ పిల్లలిద్దరినీ తీసుకుని భద్రాచలం, మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి వెళ్లాలి. ఆ ఘాట్ రోడ్డు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. మధ్యలో లైటు ఆరిపోతే బాగైపోయినట్టేనా? ఏం చేయమంటారు?
— ఒక టీచర్, ఖమ్మం

జవాబు:

టీచర్ గారూ, ముందు మీ టెన్షన్ సగం తగ్గించే మాట చెబుతాను. పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలుగుతోందంటే మీ మామూలు బ్రేకులు పనిచేస్తున్నాయి. మీరు పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ చక్రాల దాకా వెళ్తుంది, ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి, బండి ఆగుతుంది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్) అనే ఏర్పాటు మాత్రం ‘నేనిప్పుడు పనిచేయడం లేదు’ అని చెప్పి పక్కకు తప్పుకుంది. కాబట్టి షెడ్డుకి మెల్లగా నడుపుకుంటూ వెళ్లొచ్చు. వాన లేని రోజు, పగటిపూట, తెలిసిన రోడ్డు మీద బడికీ వెళ్లొచ్చు. మారేడుమిల్లి ఘాట్‌కి మాత్రం ఇది బాగయ్యేదాకా వెళ్లొద్దు. మీ చేతిలో నెల రోజులుంది, ఈ పనికి రెండు రోజులు చాలు.

అయితే ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీటర్ బోర్డులో ఎర్ర రంగులో ఇంకో బ్రేక్ లైటు ఉంటుంది. గుండ్రటి గీత లోపల ఆశ్చర్యార్థకం. హ్యాండ్ బ్రేక్ వేస్తే వెలిగేది అదే. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించాక కూడా అది వెలుగుతూనే ఉంటే బ్రేక్ ఆయిల్ తగ్గినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. పసుపు, ఎరుపు రెండూ కలిసి వెలిగాయంటే ముందు వెనక చక్రాలకి బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా పోయి ఉండొచ్చు. ఈ రోజుల్లో చాలా బండ్లలో ఆ పని కూడా ఏబీఎస్ యూనిట్టే చూస్తుంది. అది లేకపోతే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి తోక తిరిగిపోతుంది. ఎర్ర లైటు వెలిగిందంటే పక్కకి తీసి ఆపేయండి. ‘షెడ్డు దగ్గరే కదా’ అని కూడా నడపొద్దు, ఫోన్ చేసి మెకానిక్‌నే రప్పించుకోండి.

ఇక మీ మొదటి మెకానిక్ మాట. బ్రేకులు బానే ఉన్నాయన్నాడు, నిజమే. లైటు పట్టించుకోవద్దన్నాడు, అది తప్పు. మామూలు రోజున, మామూలుగా ఆపినప్పుడు ఏబీఎస్ ఉన్నా లేకున్నా తేడా తెలియదు. అందుకే ఒక రౌండు నడిపి చూస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. తేడా తెలిసేది ఎప్పుడో ఏడాదికోసారి, గేదె అడ్డం వచ్చినప్పుడో, ముందు లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడో.

అది నాకు స్వయంగా అనుభవం. చాలా ఏళ్ల కింద నా బండిలో ఇదే లైటు మూడు వారాలు వెలిగింది. షెడ్డులో పొద్దస్తమానం ఇతరుల బండ్లు చూస్తూ నాది రేపు, రేపు అని వాయిదా వేశాను. ఒక సాయంత్రం సూర్యాపేట దాటాక సన్నటి తుంపర. ముందున్న లారీ బ్రేక్ లైట్లు వెలిగాయి. నేను బలమంతా పెట్టి పెడల్ తొక్కాను. ఏబీఎస్ పనిచేస్తుంటే పాదం కింద దడదడమని ఒక అదురు వస్తుంది. అది రాలేదు. టైర్లు కీచుమన్నాయి, స్టీరింగ్ ఎడమకి తిప్పాను. చేతుల్లో స్టీరింగ్ తిరిగింది గానీ బండి తిరగలేదు, తిన్నగా లారీ మీదికే జారింది. కాలు వదిలాక చక్రాలు దొర్లడం మొదలై బండి ఒక్కసారిగా ఎడమకి విసురుగా తిరిగి మట్టి అంచులోకి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పక్క సీట్లో మా అమ్మాయి కూర్చుని ఉంది. ఆ రాత్రి ఇంటికెళ్లాక చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు.

తడి గచ్చు మీద చెప్పు జారితే మీరు ఎటు వెళ్లాలనుకున్నా అది జారే వైపే వెళ్తారు కదా, బిగుసుకున్న చక్రం కూడా అంతే. దొర్లుతున్న చక్రమే బండిని మలుపు తిప్పగలదు. ఏబీఎస్ చేసేదల్లా, చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే ఆ చక్రానికి ఆయిల్ ఒత్తిడి కాస్త వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదలడం. సెకనుకి పదీ పదిహేను సార్లు. ఏ డ్రైవర్ కాలూ అంత వేగంగా ఆడదు. ఇది మొదట విమానాల చక్రాల కోసం వచ్చింది. ఇప్పటి ఎలక్ట్రానిక్ రూపంలో 1978లో బాష్ కంపెనీ తయారుచేస్తే మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలో పెట్టారు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. ఒకప్పుడు ఖరీదైన బండ్లకే ఉన్న ఈ రక్షణ ఇప్పుడు చిన్న కారు కొన్నవాళ్లకీ దక్కింది. దాన్ని పాడుపెట్టుకోవద్దని నా తాపత్రయం.

ఇప్పుడు మీ బండి సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో మూడు మాటలు నన్ను పట్టుకున్నాయి. వాన మర్నాడు మొదలైంది. స్టార్ట్ చేయగానే ఆరిపోయి, కాస్త దూరం వెళ్లాక వస్తోంది. రెండు నెలల కింద ముందు ఎడమ బేరింగ్ మార్చారు.

కీ ఆన్ చేయగానే ఏబీఎస్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అది కంప్యూటర్ తనను తాను పరీక్షించుకునే సమయం. (బైకుల్లో అయితే బండి కదిలేదాకా వెలిగే ఉంటుంది, అది మామూలే, చాలామంది పిల్లలు దాన్ని చూసి కంగారుపడుతుంటారు.) ఆ పరీక్షలో యూనిట్, ఫ్యూజు, తెగిపోయిన వైర్ల లాంటివి బయటపడతాయి. ఇవి పోయి ఉంటే చాలావరకు లైటు మొదటి నుంచీ ఆరదు. మీది ఆరుతోంది. బండి కదిలాక వస్తోంది. చక్రాలు తిరగడం మొదలయ్యాక నాలుగు చక్రాల వేగాలు ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు ఏదో ఒకటి తేడాగా వస్తోందన్నమాట. ఎండకి ఎండితే బాగుండి, తడిస్తే పోతోందంటే నా అనుమానం 40 వేల యూనిట్ మీదికి అస్సలు వెళ్లదు. చక్రం వేగాన్ని కనిపెట్టే సెన్సర్ మీదికి, దాని వైరు మీదికి, వైర్లని కలిపే ప్లగ్గు, అదే కప్లర్ మీదికి వెళ్తుంది.

ప్రతి చక్రం దగ్గరా మన బొటనవేలంత సెన్సర్ ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో అది యాక్సిల్ మీదున్న పళ్ల చక్రాన్ని చూస్తుంది. కొన్నిట్లో బేరింగ్ సీలులోనే సన్నటి అయస్కాంతపు పట్టీ ఉంటుంది, దాన్ని చూస్తుంది. ఆ రెండో రకంలో బేరింగ్ తిరగేసి కొడితే పట్టీ అవతలి వైపుకి పోయి సెన్సర్‌కి ఏమీ కనపడదు. చూడ్డానికి బేరింగ్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. సన్నటి స్టేపుల్ పిన్ను ఆనిస్తే ఏ వైపు అంటుకుంటుందో ఆ వైపు సెన్సర్‌కి ఎదురుగా ఉండాలి. తెలియక తిరగేసి కొట్టిన బండ్లు మా షెడ్డుకి ఎన్నో వచ్చాయి. కానీ మీ విషయంలో అది కాదు. తిరగేసి కొట్టి ఉంటే బేరింగ్ మార్చిన రోజే, ఇంటికి వచ్చే దారిలోనే లైటు వెలిగేది. మీకు రెండు నెలల తర్వాత, వానకి మొదలైంది.

బేరింగ్ మార్చాలంటే ఆ సెన్సర్‌ని ఊడదీయాలి, లేదా దాని వైరుని పక్కకి తప్పించాలి. ఆ వైరు చక్రం వెనక నుంచి షాక్ అబ్జార్బర్ పక్కగా పైకి వెళ్తుంది. మధ్యలో రెండు మూడు చోట్ల రబ్బరు బుష్షులతో చిన్న బ్రాకెట్లలో కూర్చోవాలి. పని ముగించే తొందరలో ఆ రబ్బర్లలో ఒకదాన్ని బ్రాకెట్‌లో నొక్కడం మర్చిపోతారు. వైరు వదులుగా వేలాడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పిన ప్రతిసారీ టైరుకో యాక్సిల్‌కో తగిలి రాసుకుంటుంది. రెండు నెలల్లో పైతొడుగు అరిగి రాగి తీగ బయటపడుతుంది. ఎండలో పనిచేస్తుంది, బురద నీళ్లు పడితే సిగ్నల్ చెడిపోతుంది. ‘మలుపు దాటగానే వచ్చింది’ అని మీరు రాసింది చదివినప్పుడు నాకు ఈ వైరే కళ్ల ముందు కనిపించింది.

ఇది మీరే చూడొచ్చు. చదునైన చోట బండి ఆపండి, ఇంజిన్ ఆపేసి హ్యాండ్ బ్రేక్ వేయండి. ఆపే ముందే స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి ఉంచండి. ఎడమ చక్రం వెనక భాగం బయటికి వస్తుంది. ఫోన్ టార్చి వేసి టైరుకీ షాక్ అబ్జార్బర్‌కీ మధ్య చూడండి. అక్కడ లావుగా ఉండే రబ్బరు గొట్టం బ్రేక్ హోస్. దాని పక్కన నల్లగా, పెన్సిల్ కంటే సన్నగా ఉండేది సెన్సర్ వైరు. అది బ్రాకెట్‌లో బిగువుగా కూర్చుందా, ఊయలలా వేలాడుతోందా? ఎక్కడైనా మెరుస్తూ అరిగిన గీత ఉందా? ఫొటో తీసుకుని, కుడి చక్రం దగ్గర కూడా అదే చోట ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెడితే తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. చూడటం వరకే, వైరుని లాగొద్దు, జాకీ పెట్టి కిందికి దూరొద్దు.

తర్వాత స్కానింగ్. అసలు నా మనవి అంతా ఇదే: కోడ్ (లోపం ఎక్కడుందో కారు కంప్యూటర్ దాచుకునే గుర్తు) స్కానర్‌తో చదవకుండా ఒక్క సామాను కూడా మార్చనివ్వొద్దు. యూనిట్ పోయిందన్నవాళ్లని ‘ఏ కోడ్ వచ్చింది, స్క్రీన్ ఫొటో ఇస్తారా’ అని అడగండి. స్కాన్ చేయకుండానే చెప్పి ఉంటే ఆ మాటకి విలువ లేదు. ఒక జాగ్రత్త. ఆన్‌లైన్లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి. వాటిలో ‘లోపం లేదు’ అని వస్తే ఏబీఎస్ బాగున్నట్టు కాదు. ఏబీఎస్ లోపలికి వెళ్లి చదివే స్కానర్ ఉన్న షెడ్డుకి గానీ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి గానీ వెళ్లండి. లైటు మధ్యలో ఆరిపోయినా కోడ్ మెమరీలో ఉంటుంది. కాబట్టి ఆరిపోవడం అంటే బాగవడం కాదు. వచ్చిపోతోందంటే ఎక్కడో కనెక్షన్ వదులుగా ఉందనే అర్థం ఎక్కువ.

కోడ్ ‘ముందు ఎడమ వీల్ స్పీడ్ సెన్సర్’ అని వస్తే వెంటనే సెన్సర్ కొనేయొద్దు. ఆ కోడ్ ఏ చక్రం దగ్గర వెతకాలో చెబుతుంది, అంతే. అక్కడ సెన్సర్ పోయి ఉండొచ్చు, వైరు అరిగి ఉండొచ్చు, కప్లర్‌లో నీరు చేరి పచ్చటి తుప్పు పట్టి ఉండొచ్చు, సెన్సర్ ముక్కుకి ఇనుప రజను అంటుకుని ఉండొచ్చు. మెకానిక్‌ని ఇంకో పని చేయమనండి. ఆయన నడుపుతుంటే మీరు పక్క సీట్లో స్కానర్ పట్టుకుని కూర్చోండి, లేదా మీరు నడపండి, ఆయన చూస్తారు. లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగం నాలుగు అంకెలుగా కనిపిస్తుంది. తిన్నని రోడ్డులో 25, 25, 25 అని మూడు కలిసి వెళ్తుంటే నాలుగోది ఉన్నట్టుండి సున్నాకి పడి మళ్లీ లేస్తుంది. అప్పుడు ఆ చక్రం దగ్గర వైరుని చేత్తో కదిపి చూస్తే దొంగ దొరికిపోతాడు. వైరు అతికిస్తే ఖర్చు కొన్ని వందలు. సెన్సర్ మార్చాల్సి వచ్చినా కొన్ని వేలు. 40 వేలకీ దీనికీ పోలికే లేదు.

మీవారు ఫ్యూజు తీసేయమన్నారని రాశారు. ఆయనకి నా మాటగా చెప్పండి: ఫ్యూజు తీస్తే చాలా బండ్లలో లైటు ఆరదు సరికదా, శాశ్వతంగా వెలుగుతుంది. కొన్ని బండ్లలో ఎర్ర లైటు కూడా తోడవుతుంది, స్పీడోమీటరు ఆగిపోతుంది. ఇంకొందరు మీటర్ బోర్డు విప్పి బల్బే తీసేస్తారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే పని అది. ఆ బండి రేపు ఇంకొకరు కొంటారు, వాళ్ల పిల్లల్ని ఎక్కిస్తారు, ఏబీఎస్ లేదని వాళ్లకి ఎప్పటికీ తెలియదు. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినవాళ్లెవరైనా ముందు కీ ఆన్ చేసి ఏబీఎస్ లైటు వెలుగుతుందా అని చూడండి. వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ బండి కొనేముందు రెండుసార్లు ఆలోచించండి.

మీ విషయంలో కాకపోయినా ఈ లైటుకి ఇంకో రెండు కారణాలు ఉంటాయి. బ్యాటరీ బలహీనపడి వోల్టేజీ పడిపోతే ఏబీఎస్ పక్కకు తప్పుకుంటుంది. ఒక్క చక్రానికి వేరే సైజు టైరు వేసినా అంకెలు కలవక లైటు రావచ్చు.

బ్రేక్ ఆయిల్ గురించి మాత్రం ఒక మాట. ఏడేళ్లలో ఎప్పుడైనా మార్పించారా? ఆ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. మార్చకపోతే లోపల నీటి శాతం పెరిగి, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఏబీఎస్ యూనిట్ లోపలుండే సన్నటి వాల్వులకి తుప్పు పట్టేది కూడా ఈ నీటివల్లే. 40 వేల ఖర్చు నిజంగా ఎప్పుడైనా వస్తే చాలాసార్లు ఈ దారిలోనే వస్తుంది. ఇంజిన్ దగ్గరుండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయించండి. ఆయిల్ గుర్తు కంటే తగ్గి ఉంటే ఊరికే నింపేయొద్దు, ప్యాడ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతోందా చూడమనండి.

బాగయ్యేదాకా ఎలా నడపాలంటే, ముందు బండికి మీరు రోజూ వదిలే దూరం రెట్టింపు వదలండి. వాన పడుతుంటే ఆ రోజు బస్సెక్కండి. ఎప్పుడైనా గట్టిగా బ్రేక్ వేయాల్సి వచ్చి టైర్లు కీచుమని జారుతున్నట్టు అనిపిస్తే, కాలు కాస్త వదిలి మళ్లీ నొక్కండి. వదిలిన ఆ క్షణంలోనే స్టీరింగ్ మాట వింటుంది. ఏబీఎస్ బాగున్న బండిలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: గట్టిగా తొక్కి, అదురు వచ్చినా కాలు తీయకుండా, స్టీరింగ్‌తో తప్పించుకోవాలి. ఆ దడదడ వినగానే ఏదో విరిగిందనుకుని కాలు తీసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ రిపేరు అయ్యాక ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేరని నిర్ధారించుకుని, 30 వేగంలో ఒక్కసారి గట్టిగా తొక్కి ఆ అదురు ఎలా ఉంటుందో పాదానికి పరిచయం చేయండి. పక్కన మెకానిక్‌ని కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

ఘాట్ దిగేటప్పుడు ఏబీఎస్ ఉన్నా సరే, బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. రెండో గేరులో దిగండి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేక్ అవసరం రాకుండా చూసుకోండి. మారేడుమిల్లి అడవి రోడ్డు తెల్లవారుజామున తడిగా, ఆకులు రాలి ఉంటుంది. ఎండెక్కాక బయల్దేరండి.

ఎడమ చక్రం దగ్గర మీరు తీసిన ఫొటో, స్కానర్ స్క్రీన్ ఫొటో రెండూ నాకు పంపండి, చూసి చెబుతాను. రిపేరు చేయించాక డబ్బులు ఇచ్చేముందు మళ్లీ టార్చి వేసి, ఆ వైరు రబ్బరు బుష్షుతో సహా బ్రాకెట్‌లో కూర్చుందో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి.